దేవుని డబ్బాలో సజ్జలు

మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో పేజీకి నాకు ఒక పూట పడుతుంది. ఆలస్యానికి కూడా ఏమీ అనుకోవద్దు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లో ఆ ఆదివారం ఎప్పటిలాగే తెల్లవారింది. ఆలిస్ బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, పాత బిస్కట్ల డబ్బాలో వేసింది. వండే ప్రతిసారీ దేవునికి పిడికెడు తీయడం పెళ్లయిన నాటి నుంచీ ఆమెకు అలవాటు. వారమంతా నిండిన డబ్బా ఆదివారం చర్చికి వెళ్తుంది. అక్కడి నుంచి ఆడపిల్లల హాస్టలుకు.

గుమ్మం దగ్గర కోడలు షెకీనా రక్తపరీక్ష కాగితం పట్టుకుని కూర్చుంది. ఐదేళ్ల కూతురు మేబెల్‌కి మూడు నెలల కిందట రక్తం పదిన్నర ఉంది. తిండి మార్చి చూడమంది డాక్టరమ్మ. నిన్న చూస్తే తొమ్మిదిన్నరకు దిగింది.

"రోజూ సజ్జరొట్టె పెట్టిస్తున్న. మరెట్ల తగ్గింది పాల్?" అంది భర్తతో. పాల్ అద్దం ముందు గడ్డానికి నురగ రాసుకుంటున్నాడు.

షెకీనా ఉద్యోగం కూడా అదే. ఇనుము ఎక్కువుండే కొత్త రకం సజ్జల విత్తనాలు మెదక్ వైపు పల్లెల్లో పంచుతుంది. "కూరలకే పైసలు లేని ఇంట్ల మందులు యాడ కొంటరు? తినే గింజలనే బలముండాలె" అని ఊరూరా తిరిగి చెబుతుంది. ఆ సజ్జలే ఒక సంచీడు ఇంటికీ తెచ్చింది. పొద్దున్నే ఆమె పనికి వెళ్లిపోతే, మధ్యాహ్నం రొట్టె చేసి పిల్లకు పెట్టవలసింది ఆలిస్.

ఇంతలో హాస్టల్ వార్డెన్ సువార్త మెట్లెక్కి వచ్చింది.

"వందనాలు ఆలిసక్కా! ఈసారి డబ్బా నేనే పట్టుకుపోదామని వచ్చా. మూడు నెలల నుంచి మీ సజ్జలకి మా పిల్లలు ఎంత అలవాటు పడ్డారనుకున్నావ్! పెద్ద రొట్టె ఎవరికొచ్చిందని కొట్టుకుంటున్నారు. ఇంకో రెండు పిడికిళ్లు ఎక్కువెయ్యి."

షెకీనా లేచింది. డబ్బా అందుకుని చాటలోకి వంచింది. పైన పలచగా తెల్లటి బియ్యం. కిందంతా బూడిదరంగు సజ్జలు.

"ఏందత్తమ్మా ఇది?"

"దేవుని సొమ్ము. ముట్టుకోకు."

"దేవునిదా, నా బిడ్డదా? సాయంత్రం అడిగితే తిన్నది అన్నరు గదా రోజూ!"

"తిన్నదే. పప్పూ నెయ్యీ వేసి అన్నం తినిపించాను. విషమేం పెట్టలేదు."

"మూడు నెల్లు! నిన్నటి సంది నా గింజల మీద నాకే అనుమానం. రేపు ఏ మొఖం పెట్టుకొని ఆ తల్లులకు విత్తనాలు ఇయ్యాలె అని ఏడ్చిన. ఊరందరి అత్తలను ఒప్పించిన. నా ఇంట్ల అత్త నన్ను పిచ్చిదాన్ని చేసింది!"

పాల్ నురగ మొహంతోనే బయటికి వచ్చాడు. "కాస్త మెల్లగా... చర్చికి టైమవుతోంది."

"నువ్వు మాట్లాడకు!" అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారే.

ఆలిస్ కోడలి వైపు తిరిగింది. "నీకేం తెలుసు? పల్నాడులో వానల్లేని ఏడు మాకు మూడు పూటలా సజ్జసంకటే. బడికి అదే పట్టుకెళ్తే, సంకటిముద్ద వచ్చిందిరా అని దూరం జరిగి కూర్చునేవాళ్లు. మిషన్ హాస్టల్లో చేరాకే తెల్లన్నం చూశా. నా ఇంట్లో ఏ బిడ్డ కంచంలోనూ ఆ నల్లముద్ద పడకూడదని ఆ రోజే అనుకున్నా. అది తప్పా?"

షెకీనా గొంతు తగ్గింది. కోపం తగ్గలేదు.

"మంచిది. మీ మనవరాలికి పెడితే పరువు పోతది. మరి ఆ హాస్టల్ పిల్లలకు ఎందుకు పంపినరు? వాళ్లు సుత మీలెక్క లేనింటి నుంచి వచ్చినోళ్లే గద. ఇంట్ల పనికిరాదనుకున్నది దేవుని డబ్బాల ఎట్ల పోసినరత్తమ్మా?"

ఆలిస్ తన చేతి వైపు చూసుకుంది. నూకలేని బియ్యం ఏరి ఏరి దేవునికి ఇచ్చిన చెయ్యి అది. ఈ మూడు నెలలూ తను చీదరించుకున్న గింజల మీద కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఒకప్పటి తనలాగే హాస్టల్ బల్లల మీద కూర్చున్న పిల్లలకే వాటిని పంపింది.

సువార్త నొచ్చుకుంది. "పోనీలే అక్కా, వాళ్లు ఇష్టంగానే తింటున్నారు. నువ్వేమనుకుని వేశావో వాళ్లకేం తెలుసు?"

"నాకు తెలుసు కదే" అంది ఆలిస్.

సంచిలోంచి నాలుగు గుప్పెళ్ల సజ్జలు తీసి మిక్సీలో ఆడించింది. వేడినీళ్లతో పిండి కలిపి, తడిగుడ్డ మీద చేత్తో తట్టింది. యాభై ఏళ్లయినా చెయ్యి మరిచిపోలేదు. షెకీనా తట్టినప్పుడల్లా అంచులు పగిలే రొట్టె, ఆలిస్ చేతిలో చందమామలా గుండ్రంగా వచ్చింది.

మేబెల్ కంచం తోసేసింది. "నల్లగా ఉంది. నువ్వెప్పుడూ తినవుగా నానమ్మా. నువ్వు తింటేనే నేనూ తింటా."

ఆలిస్ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లలోంచి నీళ్లు జారాయి.

"కారంగా ఉందా నానమ్మా?"

"లేదమ్మా. మా అమ్మ చేసినట్టే ఉంది."

పిల్ల రొట్టె లాక్కుని కొరికింది. షెకీనా చాటలోవి తిరిగి డబ్బాలో పోస్తోంది. ఈసారి సజ్జలు పైనే కనబడుతున్నాయి.

"నా కోపం పోలేదత్తమ్మా" అంది తల ఎత్తకుండా.

"పోనివ్వకు. పిల్లకి రక్తం పట్టేదాకా అట్లాగే ఉంచుకో" అంది ఆలిస్, ఇంకో ఉండ చేతిలోకి తీసుకుంటూ. "కూర్చో. నువ్వూ పొద్దున్నుంచి ఏం తినలేదు."

— ఎం. లీలాకుమారి, అరవై ఆరేళ్లు. ఇప్పుడు యాప్రాల్‌లో మా పెద్దమ్మాయి దగ్గర ఉంటున్నాను.