వ్యాన్ వచ్చేలోపే

మంచం ఖాళీగా ఉంది. బాత్‌రూం ఖాళీ. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది.

పొద్దున్నే రీహాబ్ సెంటర్ వ్యాన్ వచ్చి ఇంటి ముందు ఆగింది. ఎక్కించుకోవాల్సిన మనిషి మాత్రం ఇంట్లో లేదు.

ఇన్‌స్పెక్టర్ హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుందని స్టేషన్లో ఆమెను చాటుగా ‘నస మేడం’ అంటారు. ఎదురుగా ఇద్దరు. కనిపించకుండా పోయిన ఆవిడ ఫార్మసిస్టు. వీళ్ళు ఆవిడ భర్త, చెల్లెలు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

“ఎప్పట్నుంచీ అలవాటు?”

“తాగుడు మూడేళ్ళుగా. నిద్రమాత్రలు ఈమధ్య,” అన్నాడు భర్త. “మందుల షాపులో ఉద్యోగం. అడిగేవాళ్ళెవరు?”

“సెంటర్ ఎవరు చూశారు?”

“నేనే. నెట్‌లో. తోట, యోగా హాలు, ఏసీ గదులు. రానని మొండికేస్తే వాళ్ళే పట్టుకుని ఎక్కిస్తామన్నారు.”

“వెళ్ళి చూశారా?”

“లేదు మేడం.”

“ఫొటోలు చూసి మనిషిని పంపుతారా బావా అని మొత్తుకున్నాను మేడం. వింటేగా!” అంది చెల్లెలు.

“నువ్వేం చేశావు మరి? వచ్చినప్పుడల్లా ఏడ్చి వెళ్ళావు!” అన్నాడతను.

“కొట్లాట తర్వాత,” అంది ఇన్‌స్పెక్టర్. “అక్కడ రాత్రిపూట డాక్టర్ ఉంటాడా?”

“అప్పుడప్పుడు వస్తాడట.”

“ఉంటాడా?”

“తెలీదు మేడం.”

ఇన్‌స్పెక్టర్ పడగ్గదిలోకి నడిచింది. ఫోన్ దిండు పక్కనే ఉంది. హ్యాండ్‌బ్యాగ్ లేదు. బీరువాలో బట్టల వెనక సగం తాగిన సీసా. సొరుగులో నిద్రమాత్రల నిండు స్ట్రిప్పులు రెండు, చింపనైనా చింపలేదు.

“ఇంకేం పోయాయి?”

“ఖాళీ స్ట్రిప్పులు. రాత్రి పరుపు కింద దొరికితే సెంటర్ వాళ్ళకు చూపిద్దామని టేబుల్ మీద పెట్టాను. సాక్ష్యం మాయం చేసేసింది!”

“నిండువి ఇక్కడే ఉన్నాయి?”

“ఉన్నాయి.”

“నిండువి. ఇక్కడే?”

“ఎన్నిసార్లు చెప్పాలి మేడం!”

వాకీటాకీ గరగరలాడింది. బస్టాండులో లేదు. బార్ల దగ్గర లేదు. రైలు పట్టాల వైపు ఇంకా వెతుకుతున్నారు. ఆ మాట వినగానే చెల్లెలు వీధిలోకి పరుగెత్తబోయింది.

“ఆగమ్మా. ఇద్దరూ జీపెక్కండి.”

జీపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రులకు వరసగా ఫోన్లు చేస్తోంది. “ఆడవాళ్ళకు వేరే వార్డుందా? రాత్రి డ్యూటీ డాక్టర్?” ఒకచోట లేదన్నారు. ఇంకోచోట ఎత్తనే లేదు. మూడోచోట రెండూ ఉన్నాయన్నారు. “అటు పోనీ,” అంది డ్రైవర్‌తో. భర్త గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

ఆ ఆసుపత్రిలో, మత్తు అలవాటు మాన్పించే డీ-అడిక్షన్ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది ఆమె. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. గుప్పిట్లో ఖాళీ స్ట్రిప్పులు.

“అక్కా!”

భర్త ఉన్నచోటే నిలబడిపోయాడు. “మేడం, మీకెలా తెలిసింది?”

“మీరు ఖాళీవి పోయాయన్నారు. నేను నిండువి ఎందుకున్నాయా అనుకున్నాను. పారిపోయే మనిషైతే నిండువి పట్టుకెళ్తుంది. చావాలనుకున్నా వాటినే పట్టుకెళ్తుంది. ఖాళీవి ఎవరికి కావాలి? ఏ మాత్ర, ఎంత పవర్, ఎన్ని మింగిందో డాక్టర్‌కు చూపించాల్సిన మనిషికి.”

ఇన్‌స్పెక్టర్ ఆమె గుప్పిట్లోని స్ట్రిప్పుల వైపు చూపించింది.

“తాగుడు, నిద్రమాత్రలు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. ఆ సంగతి మీ ఆవిడకు తెలుసు. డాక్టర్ లేనిచోట తాళం వేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. మీరు తోట చూశారు. ఆవిడ డాక్టర్ ఉన్నచోటు చూసుకుంది.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?” భార్య వైపు తిరిగాడు.

“చెప్పాను. తాగి వాగుతున్నానన్నావు.”

అతని జేబులో ఫోన్ మోగింది. సెంటర్ వాళ్ళు. “అవసరం లేదండీ. వెళ్ళిపోండి,” అని పెట్టేశాడు.

నర్సు తలుపు తీసి పిలిచింది. ఆమె లేచి రెండడుగులు వేసింది. గడప దగ్గర ఆగిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగింది.

“నావల్ల కాదు. ఇంటికి పోదాం. రేపొద్దాం.”

చెల్లెలు చెయ్యి పట్టుకోబోయింది. ఇన్‌స్పెక్టర్ కళ్ళతోనే వారించింది. భర్త మెల్లగా దారిలోంచి పక్కకు జరిగాడు.

“జీపు బయటే ఉంది,” అన్నాడు. “పోదామంటే పోదాం. ఉంటానంటే ఈ బెంచీ మీదే ఉంటాను. నీ ఇష్టం.”

ఆమె జీపు వైపు చూసింది. అతని వైపు చూసింది.

తర్వాత భుజానున్న బ్యాగ్ తీసి అతని చేతిలో పెట్టింది.

“కూర్చో అయితే,” అని లోపలికి వెళ్ళింది.