అరవై నాలుగు కె.బి. కిటికీలు

వంశీని చంపడానికి వాళ్ళు తూటా ఖర్చు పెట్టలేదు. తాడిపత్రి బయట మూతబడిన పాలిషింగ్ ఫ్యాక్టరీలో, నాపరాయి కోసే రంపం కింద పడుకోబెట్టి స్విచ్ వేశారు. రంపం మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. అందుకే కుళ్లాయప్ప వెళ్ళేసరికి నెత్తురు కనిపించలేదు. కాలువలో తెల్లటి రాతిబురద మాత్రం లేత గులాబి రంగుకి తిరిగి ఉంది.

అతను ఆ రంగు వైపు చాలాసేపు చూశాడు. భయం వేయలేదు. భయం వేయనందుకు కొంచెం భయం వేసింది.

హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ ఒక లావుపాటి కీబోర్డ్‌ని టేబుల్ మీద పెట్టాడు.

"ఇదేంటి?"

"కీబోర్డ్ సార్."

"కంప్యూటర్. మొత్తం ఇందులోనే ఉంటుంది. ఎనభైల్లో ఇళ్ళలో టీవీకి తగిలించుకుని ఆడుకునేవాళ్ళు. మెమరీ అరవై నాలుగు కె.బి. నీ సెల్‌ఫోన్ దీన్ని చూసి నవ్వుతుంది."

చీఫ్ టీవీ ఆన్ చేశాడు. నీలం తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంది. దాని మీద ఇంకొకటి. మధ్యలో బాణం గుర్తు తిరుగుతోంది. ఇంత ముసలి మెషిన్ చేత ఇలాంటి పని చేయించినవాడు వంశీ. రాయదుర్గం కుర్రాడు. ఇలాంటి మెషిన్లు రెండు, వైర్‌లెస్ సెట్ల మీద ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ కూడా అతనే రాశాడు. ఊళ్ళో ఎవరికీ అర్థం కాని ఆ పనిని విక్టర్ అనే విదేశీయుడు ఈ-మెయిల్లో మెచ్చుకున్నాడు. మెచ్చుకోలు కోసం మొహం వాచిన మనిషికి అంతకంటే పెద్ద గాలం అక్కర్లేదు.

"ఫోన్లు వింటున్నాం. ఇంటర్నెట్ చూస్తున్నాం. ఈ ముసలిదాన్ని ఎవడు పట్టించుకుంటాడు?" అన్నాడు చీఫ్. "రేపు మధ్యాహ్నం రాకెట్ ఇంధనంతో స్పెషల్ గూడ్స్ గుంతకల్లు నుంచి వస్తుంది. యాడికి దగ్గర పట్టాల పక్కన ఒక మెషిన్. రైలు దాటగానే అక్కడ కూర్చున్నవాడు కీ నొక్కుతాడు. రెండో మెషిన్ లెక్క కట్టుకుని, రైలు తాడిపత్రి పెన్నా బ్రిడ్జి ఎక్కగానే దాని కింద పెట్టిన బాంబుకి పేలుడు కోడ్ పంపుతుంది. రైలు ఆపితే ముఠా జారుకుంటుంది. ఇంకో రైలు, ఇంకో బ్రిడ్జి. నాకు ఆ రెండో మెషిన్ కావాలి."

"అది ఎక్కడుంది సార్?"

"హేమకి తెలుసు. రాయదుర్గంలో జీన్స్ యూనిట్. మన మనిషి. తమ మనిషే అని వాళ్ళు అనుకుంటున్నారు."

బ్రిడ్జిని ఆనుకునే రాళ్ళ పాలిషింగ్ షెడ్లు ఉన్నాయి. అందులో ఒకదాంట్లో కుళ్లాయప్ప చెల్లెలు పుష్పావతి పని చేస్తుంది. ఆమె దృష్టిలో అన్న ఇన్సూరెన్స్ ఏజెంట్. రేపు పనికి పోవద్దని ఆమెకి ఫోన్ చేస్తే ఎందుకని అడుగుతుంది. ఆ తర్వాత షెడ్డంతా అడుగుతుంది. అతను చీఫ్‌తో చెల్లెలి మాట ఎత్తలేదు. టీవీ వైపే చూశాడు.

"పై కిటికీ తెరిస్తే కిందది ఆగిపోతుందా సార్?"

"ఆగదు. కనపడదంతే. లోపల నడుస్తూనే ఉంటుంది."

ఆ జవాబు అతనికి నచ్చలేదు. అతని లోపల కూడా ఒక కిటికీ ఉంది. దాని మీద ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని మారుపేర్లు పరిచినా, అందులో నాయన ఎండిన బోరు పైపు ముందు కూర్చునే ఉంటాడు.

*

హేమ యూనిట్లో నలభై కుట్టుమిషన్లు ఒకేసారి అరుస్తున్నాయి. ఎర్ర లిప్‌స్టిక్, చెవులకి వెండి రింగులు, వేళ్ళకి నీలం రంగు. నీలం మాత్రం జీన్స్ బట్టది, కడిగినా పోదు. కుళ్లాయప్ప భుజాన స్పానర్ల సంచితో, గ్రీజు మరకల చొక్కాతో లోపలికి వెళ్ళాడు.

"మోటారు కాలింద్యా?" అన్నాడు. కోడ్ వర్డ్.

"కాలింది. వైండింగ్ చేస్తే తిరుగుతాదా?" అంది. జవాబు సరిపోయింది.

కాయితం ఇవ్వలేదు. నోటితోనే దారి చెప్పింది. తాడిపత్రి నుంచి యాడికి పోయే రోడ్డు మీద ఎండిపోయిన చీనీ తోట, నడుమ రేకుల షెడ్డు.

"నువ్వు ఈ పక్కోడివేనా?" అని అడిగింది.

"అవును."

"మీ నాయన ఏం చేస్తాండె?"

"బోర్లు ఏయిస్తాండె."

ఆమె నవ్వింది. "మా నాయనా అంతే. భూమికి బొక్కలు పొడిసి పొడిసి, కడాకు దాంట్లోనే పడ్న్యాడు."

ఆ నవ్వు నిజమైనదని అతనికి తోచింది. నిజమైన నవ్వునే నమ్మకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు.

*

మర్నాడు ఎండ నడినెత్తి దాటాక చీనీ తోట చేరాడు. బత్తాయి చెట్లన్నీ బూడిదరంగు కట్టెలు. గేటు దగ్గర కాపలా ఉన్న చౌడప్ప కర్ర అడ్డం పెట్టాడు.

"ఏమప్పా, ఎవురు నువ్వు?"

"మోటారు మెకానిక్కునన్నా. రమ్మన్న్యారు."

"నీళ్ళే లేవు, మోటారు దేనికి? తలకాయ కడుక్కోనీకా?"

కుళ్లాయప్ప బీడీ ఇచ్చాడు. ఈ సీమలో బాగున్నావా అని అడిగేవాళ్ళు తక్కువ. అందరూ అడిగేదే అతనూ అడిగాడు.

"ఈ వారం త్రీ ఫేజు ఎప్పుడన్నా?"

"మధ్యాన్నం రెండంటారు. మూడుకొచ్చినా ముక్కోటి దేవుళ్ళకి మొక్కల్ల. అంతవరకూ ఈ సింగిల్ ఫేజే. బల్బుకీ టీవీకీ తప్ప దేనికీ పనికిరాదు."

"మోటార్లకి ఆటోలు ఉండాయా?"

ఆటో అంటే కరెంటు రాగానే మోటారును దానంతట అదే తిప్పే డబ్బా.

"లేందెవునికప్పా? ఎండిన బోరుకి గూడా తియ్యరు. ఏమో, ఈ పొద్దు పడతాయేమో అని. కరెంటొస్తే సుట్టూ ఉన్న మోటార్లన్నీ ఒకేపారి మొరుగుతాయి. బల్బు మిణుగురు పురుగైపోతాది." చౌడప్ప పొగ వదిలాడు. "ఆశకి సిగ్గుండదులేప్పా."

షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల పసుపు బల్బు వెలుగుతోంది. బల్ల మీద టీవీ, కీబోర్డ్, వైర్‌లెస్ సెట్, క్యాసెట్ రికార్డర్, స్టెబిలైజర్. కరెంటు పోయినా ఆగకుండా కింద ఇన్వర్టర్‌కి పెద్ద బ్యాటరీ. తెర మీద రెండు కిటికీలు. ఒకదాని పేరు యాడికి, రెండోదాని పేరు బ్రిడ్జి.

మెడ వెనక చల్లటి ఇనుము తగిలింది.

"సంచి కింద పెట్టు," అంది హేమ.

మూలనుంచి తెల్లచొక్కా మనిషి పిస్టల్‌తో లేచాడు. విక్టర్. ఆ పేరు కూడా అద్దెదే. పుస్తకాల్లోంచి నేర్చుకున్న తెలుగు, ఇస్త్రీ మడత నలగలేదు.

"సుస్వాగతం. మీరు ఆలస్యముగా వచ్చితిరి."

అతని పక్కన సుంకన్న ఉన్నాడు. వంశీని రంపం కింద పడుకోబెట్టినవాడు. చేతుల వెంట్రుకల్లో ఇంకా రాతిదుమ్ము ఉంది. మాట లేకుండా కుళ్లాయప్ప మొహం మీద గుద్దాడు. ముక్కు విరిగిన చప్పుడు అతనికి తన తల లోపలినుంచే వినిపించింది. రెండో గుద్దుకి పన్ను ఊడి నాలుక మీద పడింది. దాన్ని ఉమ్మేసి మోకాళ్ళ మీద కూలుతూ సంచిలో చెయ్యి పెట్టాడు. పైపు పానా చేతికొచ్చింది. బల్ల వైపు బలమంతా పెట్టి విసిరాడు.

పానా కంప్యూటర్‌కి తగలలేదు. కిందున్న బ్యాటరీని రెండుగా చీల్చింది. యాసిడ్ ఎగిరి సుంకన్న కళ్ళల్లో పడింది. మనిషి అరుపులా లేదది, బర్రె అరుపులా ఉంది. గోడలకి గుద్దుకుంటూ బయటికి పరిగెత్తి, చీనీ కట్టెల మధ్య పడి కొట్టుకున్నాడు.

విక్టర్ ఒక్క తూటా కాల్చాడు. కుళ్లాయప్ప తొడలోంచి మాంసం ముద్ద లేచింది.

"గురి తప్పినది," అన్నాడు విక్టర్ నవ్వుతూ. బల్బు వైపు చూపించాడు. "విద్యుత్తు ఉండగా బ్యాటరీ దేనికి?"

కుళ్లాయప్ప పానా గురి తప్పలేదు. నెత్తురు కారుతున్న తొడని రెండు చేతులతో నొక్కుకుని, బల్బునే చూస్తున్నాడు.

యాడికి కిటికీ మెరిసింది. రైలు దాటింది. బ్రిడ్జి కిటికీలో అంకెలు తగ్గడం మొదలుపెట్టాయి.

"టైమెంతమ్మా?" అని హేమని అడిగాడు.

ఆమె గడియారం చూసుకుంది. "రెండు దాటింది."

దాటింది. త్రీ ఫేజు రాలేదు. పుష్పావతి ఈ వేళకి అన్నం క్యారియర్ కడిగి మళ్ళీ రాయి ముందు కూర్చుని ఉంటుంది. చిన్నప్పుడు ఆమే అడిగేది, నీళ్ళు రాని మోటారుకి ఆటో ఎందుకు నాయనా అని. నాయన పైపు గాలి కక్కుతుంటే దాని మూతికి చెవి ఆనించి కూర్చునేవాడు. కడకు పురుగుల మందు తాగింది కూడా అక్కడే. ఆయన పోయాక మోటారు అమ్మేటప్పుడు చూస్తే, మీట ఇంకా ఆటో మీదే ఉంది. కుళ్లాయప్ప ఆ మనిషిని క్షమించలేదు. ఆశపడటం ఒక జబ్బని, తనకి అంటలేదని ఇన్నాళ్ళూ నమ్మాడు. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, బల్బు వైపు చూస్తూ, అచ్చం ఆయనలాగే ఎదురుచూస్తున్నాడు.

పగిలిన పెదవులతో నవ్వాడు.

"ఇతడు ఎందులకు నవ్వుచున్నాడు?" విక్టర్ హేమని అడిగాడు.

హేమ కుళ్లాయప్పని చూసింది. పగిలిన బ్యాటరీని చూసింది. తల ఎత్తి బల్బుని చూసింది. ఆమె మొహంలో ఏదో ఆగింది. బోర్లు వేయించినవాడి కూతురు.

"పల్లెటూరోళ్ళు అంతే," అంది. "భయమేస్తే నవ్వుతారు."

అంకెలు రెండంకెల నుంచి ఒక అంకెకి దిగాయి.

అప్పుడు తోట చుట్టూ నేల గుర్రుమంది. కనుచూపు మేర ఉన్న మోటార్లన్నీ, తడి ఉన్నవీ లేనివీ, ఒకేసారి మొరిగాయి. బల్బు ఎర్రటి దారమైంది. టీవీ బొమ్మ నాలుగు పక్కలనుంచీ ముడుచుకుపోయింది. స్టెబిలైజర్ టక్కుమని మెషిన్‌కి కరెంటు కోసేసింది.

కాసేపటికి ఎక్కడో ఫ్యూజులు పోయి, బల్బు తేరుకుంది. స్టెబిలైజర్ మళ్ళీ టక్కుమంది. నీలం తెర. కిటికీల్లేవు, అంకెల్లేవు, కోడ్ లేదు. ఒక మూల 'రెడీ' అన్న మాట మాత్రం, ఇప్పుడే పుట్టినట్టు.

విక్టర్ క్యాసెట్ మీదికి ఉరికాడు. ఆ ప్రోగ్రాం క్యాసెట్‌లోంచి మళ్ళీ ఎక్కాలంటే ఒక టీ కాచి తాగేంత సేపు పడుతుంది. కోడ్ నోటితో చెప్పగలిగిన ఒకే ఒక్కణ్ణి రంపంతో కోయించాడు. దూరంగా రైలు కూత వినిపించింది. తర్వాత ఇనుప బ్రిడ్జి మీద సాగే పొడుగాటి మోత. అది ఆగలేదు.

విక్టర్ హేమ వైపు తిరిగాడు. "నీకు తెలియును!"

"ఏమి?" అంది ఆమె.

అతను ఆమె గొంతులో కాల్చాడు. కుళ్లాయప్ప అప్పటికే ఒంటికాలి మీద లేచాడు. జేబులోని ఎలక్ట్రీషియన్ టెస్టర్‌ని విక్టర్ దవడ కింద పిడి దాకా దింపాడు. వెచ్చటి నెత్తురు మోచేతి దాకా కారింది. పిడిలోని చిన్న దీపం వెలగలేదు. ఆ మనిషిలో కరెంటు లేదు.

హేమ పక్కన కూలబడ్డాడు. ఆమె నీలం వేళ్ళు గొంతు మీద ఉన్నాయి.

"నీకు యాదికొచ్చిందా, రాలేదా? చెప్పు. కరెంటు సంగతి..."

ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు, బుడగ వచ్చింది. ఆ ప్రశ్న కూడా ఏదో కిటికీ కింద నడుస్తూనే ఉంటుందని అతనికి తెలుసు.

తలుపు దగ్గరికి చౌడప్ప కర్ర పట్టుకుని వచ్చాడు. "నువ్వు మెకానిక్కు గాదాప్పా?"

"చౌడప్పన్నా, ఆ సంచిలోని ఫోన్ అందుకో."

చీఫ్ గొంతులో ఊపిరి వినిపించింది. "రైలు క్షేమం. ఏ పరికరం వాడావు?"

"బోరు మోటార్లు సార్. ఆటోలో ఉన్నాయి."

చీఫ్ పట్నం మనిషి. "అయితే తోటకి నీళ్ళు కూడా వచ్చి ఉంటాయే?"

కుళ్లాయప్ప తలుపులోంచి బయటికి చూశాడు. ఒక్క మోటారు మాత్రం ఇంకా తిరుగుతోంది. పైపు దగ్గుతోంది.

"లేదు సార్. ఎప్పుడూ వచ్చే గాలే."