తడిగుడ్డ తుడిచిన కిటికీ

తెల్లవారగానే అత్తగారు పొడిగుడ్డ పట్టుకుని ఇల్లు తుడవడం మొదలుపెట్టింది. సిమెంటు ఫ్యాక్టరీ పక్కన కాపురం చేసేవాళ్ళు ముందు పొడిగుడ్డ, ఆ తర్వాతే తడిగుడ్డ వాడాలి. వరస తప్పితే దుమ్ము గడ్డకట్టి ఇక రాదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ తుడిచిన చోటే తుడుస్తోంది పాపం. ఇప్పుడిక భుజాలు లేవడం లేదు.

పిల్ల పడుకునే గదిలో కిటికీ రెక్క కదల్లేదు. చట్రం పొడుగునా దుమ్ము తడిసి, ఎండి, గచ్చులా బిగుసుకుపోయింది. ఇంకేముంది, సణుగుడు అందుకుంది. కోడలికి చదువుంది గానీ ఒళ్ళు వంగదనీ, పని తెమిలిపోవాలని తడిగుడ్డ వేసి ఉంటుందనీ, చెప్పీ చెప్పీ తన నోరు నొప్పెడుతోందనీ అంది.

కోడలికి పోట్లాడే ఓపిక లేదు. పిల్ల ఒకటే దగ్గు. దాన్ని ఎత్తుకుని తిరిగీ తిరిగీ కాళ్ళు పీకుతున్నాయి. మొగుడు ప్యాకింగు సెక్షన్లో డ్యూటీ చేసొచ్చి పక్క గదిలో పడుకున్నాడు. ఇల్లు కూలినా లేవడు. ఆమె సంచిలో బట్టలు సర్దుతోంది.

"ఎక్కడికి?" అంది అత్తగారు.

"మా అమ్మ దగ్గరికి. డాక్టరు పిల్లకి గాలి మార్చమన్నాడు కదత్తయ్యా. ఈసారి వెళ్తే మళ్ళీ రాను."

అప్పుడే మామగారు, రోజూ కన్నా ఆలస్యంగా, రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. ఫ్యాక్టరీలో సిమెంటు కాల్చే బట్టీకి ఫోర్‌మన్ ఆయన. దుమ్మెక్కడుందనీ, అన్నం పెట్టే చోటుని ఆడిపోసుకోవద్దనీ రోజూ చెప్పే మాటే చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. పొగగొట్టం దగ్గర దుమ్ముని పట్టే గుడ్డ సంచులు చిరిగిపోయాయి. మార్చాలంటే బట్టీ ఆపాలి. ఎప్పుడు ఆపాలో ఆయన్నే చెప్పమన్నారు పైవాళ్ళు. రిటైరయ్యేదాకా తన బట్టీ ఆగలేదనిపించుకోవాలని ఆయన వాయిదా వేస్తూనే ఉన్నాడు.

"ఊళ్ళో వాళ్ళందరికీ ఇళ్ళు కావాలి, దుమ్ము మాత్రం వద్దా?" అన్నాడు.

"ఇళ్ళు కట్టొద్దనలేదు మావయ్యా. సంచులు మార్చి కట్టమంటున్నాను. మీ బట్టీ ఆగకూడదని దీని ఊపిరి ఆపుతారా?" కోడలి గొంతు పెరగలేదు. అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

అత్తగారు ఊరుకోలేదు. "దుమ్ము దుమ్మంటావు, మరి కిటికీకి తడిగుడ్డ వేసిందెవరు?"

"నేను కాదత్తయ్యా."

"మరి దెయ్యమా?"

"నేనే," అన్నాడు మామగారు.

ఇద్దరూ ఆయన వంక చూశారు. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. "పొడిగా దులిపితే దుమ్ము లేస్తుంది. పిల్ల దగ్గుతుంది. అందుకని డ్యూటీ దిగి రాగానే, మీరు లేవకముందే తడిపి తుడిచేవాణ్ణి."

"నీళ్ళు తగిలితే ఏమవుతుందో మీకు తెలీదుటండీ?"

"తెలుసు. రోజూ కొంచెమే కదా అనుకున్నాను."

ఆ మాట తన చెవినే పడ్డట్టు, దగ్గుతున్న పిల్ల వంక చూశాడు. కళ్ళు తుడుచుకుని, టీ కూడా తాగకుండా, విడిచిన చెప్పులే మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందేమోనని కోడలు భయపడింది.

మధ్యాహ్నానికి పక్క గదిలోంచి కొడుకు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఏమైంది? ఏంటిలా ఉంది?"

అప్పుడు గమనించారు. పుట్టినప్పటి నుంచీ వాడికి జోలపాటైన బట్టీ రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది వాడికి.

కాసేపటికి మామగారు ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. "సంచులు మార్చేదాకా పిల్లని మీ అమ్మ దగ్గరే ఉంచమ్మా. తర్వాత నేనే వచ్చి తీసుకొస్తాను. ఈలోగా ఈ కిటికీ తెరిచి పెడతాను."

కోడలికి దుఃఖం ఆగలేదు. పిల్లని అత్తగారి చేతికిచ్చి, పొడిగుడ్డ తెచ్చి, రాలుతున్న పెచ్చుల కింద పరిచింది.