నల్లగీత దగ్గర నీళ్ళు

మనిషి మాయమై రెండు వారాలు కావస్తోంది. పంపు గదిలోని తొట్టిలో నీళ్ళు ఈపాటికి ఆవిరై జానెడు తగ్గి ఉండాలి. తగ్గలేదు. తొట్టి మీద గీసిన నల్లగీతను అంటుకునే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. స్టేషన్‌లో అందరూ ఆమెను 'మళ్ళీచెప్పు మేడమ్' అంటారు, చాటుగా. ఏ జవాబు విన్నా "మళ్ళీ చెప్పండి" అనడం ఆమె అలవాటు. నాలుగుసార్లు చెప్పిస్తే అబద్ధానికి దానంతటదే ఆయాసం వస్తుందని ఆమె నమ్మకం.

"ఇందులో నీళ్ళెవరు పోస్తున్నారు?"

"ఎవరూ పొయ్యట్లేదు మేడమ్," అంది మాయమైనవాడి భార్య.

"మళ్ళీ చెప్పండి."

"నేను ముట్టుకోను. ఆయనే వస్తున్నారు."

వెనక నిలబడ్డ అతని అక్క అందుకుంది. "నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నా. తమ్ముడి ప్రాణమంతా ఈ పగడాల మీదే. మనిషి పోయినా ఆ ప్రాణం ఇక్కడే తచ్చాడుతోంది."

కానిస్టేబుల్ గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. ఉద్యోగంలో చేరేటప్పుడు దయ్యాల డ్యూటీ కూడా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు పాపం.

"ఈ గది అంతా వెతికావా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"మొదటి రోజే మేడమ్. అటక కూడా చూశాను. పైకప్పు దాకా ఉప్పు మూటలే."

మాయమైనవాడు రీఫ్ టాంకులు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియాలు డిజైన్ చేసేవాడు. ఊళ్ళో ఎవరింట్లో సముద్రం కావాలన్నా అతనికే కబురు. తనింట్లో హాలు గోడ సగం తీయించి టాంకు అద్దం బిగించాడు. ఏ రాయి ఎక్కడ ఉండాలి, ఏ పగడానికి ఎంత వెలుతురు పడాలి, నీటి ప్రవాహం ఎటు తిరగాలి అని ఏడాదిపాటు ప్లాన్లు గీశాడు. వెనక పంపులకు, తొట్టికి జాగా చాలకపోతే భార్య కుట్టుమిషన్ గది ఖాళీ చేయించాడు. మిషన్ వంటింట్లోకి వచ్చింది. ఆమె కిక్కురుమనలేదు.

ఇప్పుడు ఆ అద్దం వెనక వేళ్ళలాంటి పగడాలు మెల్లగా ఊగుతున్నాయి. పంపు రొద ఇల్లంతా ఎవరో నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్‌కు దయ్యాలంటే నమ్మకం లేదు. అయినా ఆ హాల్లో నిలబడినంతసేపూ ఎవరో తన వీపుని చూస్తున్నట్టే అనిపించింది.

కేసు మొదట్లో తేలికగానే కనిపించింది. వర్క్‌షాపులో రక్తం. కాలవ గట్టు మీద మాయమైనవాడి బూట్లు. రక్తం అంటిన ఏప్రన్ భాగస్వామిది. ముందు రోజు ఇద్దరూ గొంతు చించుకుని పోట్లాడుకున్నారు. వాళ్ళు కట్టిన టాంకు ఒకటి పగిలి ఓ ముసలావిడ చనిపోయింది. పలచటి గాజు వాడమన్నది నువ్వంటే నువ్వని గొడవ. శవం దొరక్కపోయినా భాగస్వామిని ఇన్‌స్పెక్టరే అరెస్టు చేసింది. రేపటితో పోలీసు కస్టడీ గడువు అయిపోతుంది, మళ్ళీ కోర్టులో పెట్టాలి. పెడితే అతను ఇప్పట్లో బయటికి రాడు.

పొద్దున లాకప్‌లో ఆ భాగస్వామి తన గురించి ఒక్క ముక్క అడగలేదు. "టాంకు ఎలా ఉంది మేడమ్?" అన్నాడు. "నీళ్ళు తగ్గితే ఉత్త మంచినీళ్ళే పొయ్యమనండి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే పగడాలు చచ్చూరుకుంటాయి. వదినకి ఆ సంగతి తెలీదు. అన్న ఆమెని ఆ గదిలోకే రానిచ్చేవాడు కాదు."

ఆ మాటే ఇన్‌స్పెక్టర్‌ను ఇక్కడికి లాక్కొచ్చింది.

సాయంత్రం ఆమె అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. భాగస్వామిని బేడీలతోనే తీసుకొచ్చారు. టాంకు మీద దీపాలు వాటంతటవే నీలంగా మారాయి. అక్క ఉలిక్కిపడింది.

"టైమర్ అండీ," అన్నాడు భాగస్వామి.

ఇన్‌స్పెక్టర్ అక్క వైపు తిరిగింది. "మీరు ఇందులో ఏమీ పొయ్యలేదా?"

"లేదండీ."

"మళ్ళీ చెప్పండి."

అక్క తల దించుకుంది. "మొన్న గురువారం... కాస్త తగ్గినట్టనిపిస్తే రెండు బకెట్లు పోశాను. సముద్రం చేపలు కదా అని ఉప్పు దిట్టంగా కలిపాను."

"అయ్యయ్యో!" భాగస్వామి బేడీల సంగతి మరిచి లేవబోయాడు. ఉప్పు కొలిచే మీటరు తెప్పించి నీళ్ళలో ముంచాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు. మొహం పాలిపోయింది.

"ఏమైంది?"

"సరిగ్గా ఉండాల్సినంతే ఉంది మేడమ్. ఎవరో ఉప్పునీళ్ళు తోడేసి, మంచినీళ్ళు పోసి సరిచేశారు."

"ఆ పని ఎవరికి వచ్చు?"

"నాకు. అన్నకి. అంతే."

"గురువారం నువ్వు లాకప్‌లో ఉన్నావు." ఇన్‌స్పెక్టర్ లేచింది. "దయ్యాలు మీటరు పెట్టి ఉప్పు కొలవవు."

పంపు గదిలోకి వెళ్ళి ప్లగ్ పీకేసింది.

రొద ఆగిపోయింది. టాంకు పెట్టాక ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఊగుతున్న పగడాలు ఉన్నచోటే నిలిచిపోయాయి. భార్య అద్దం మీద చెయ్యి వేసింది.

"ఈ టాంకు ఎత్తేస్తున్నాం," అంది ఇన్‌స్పెక్టర్ గట్టిగా. "పంపు ఇక పెట్టొద్దు."

భాగస్వామి పెదాలు కొరుక్కుంటూ పగడాల వంకే చూస్తున్నాడు. చాలాసేపు గడిచింది.

పంపు గది అటక మీంచి తెల్లటి ఉప్పు సన్నగా రాలింది. మూట ఒకటి కదిలింది. గడ్డం మాసిన మనిషి తడబడుతూ నిచ్చెన దిగాడు. ఎడమ అరచేతికి గుడ్డ కట్టు ఉంది. వర్క్‌షాపులో దొరికిన రక్తం ఎక్కడిదో ఇక అడగక్కర్లేదు. అతను ఎవరి మొహమూ చూడలేదు. తిన్నగా వెళ్ళి ప్లగ్ పెట్టాడు. రొద మొదలయ్యాకే ఊపిరి వదిలాడు.

"తమ్ముడూ!" అక్క కెవ్వుమంది.

"ముసలావిడ కేసు నా మెడకే చుట్టుకునేది," అన్నాడతను నేల చూస్తూ. "నేను పోయాననుకుంటే వాడి మీదకి పోతుందని..."

కానిస్టేబుల్ భాగస్వామి బేడీలు విప్పి ఇతనికి వేశాడు. భాగస్వామి మణికట్లు కూడా రుద్దుకోకుండా తొట్టి దగ్గరికి పరుగెత్తాడు.

భార్య లేచి వచ్చింది. పెళ్ళయిన నాటినుంచి భర్తను 'మీరు' అని తప్ప పిలిచి ఎరగని మనిషి.

"రోజూ ఈ అద్దానికి తల ఆనించి ఏడ్చాను," అంది. "విన్నావా నువ్వు?"

"విన్నాను."

"మరి అప్పుడు దిగి రాలేదేం?"

అతను తల తిప్పి టాంకు వంక చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఈసారి మళ్ళీ చెప్పమనలేదు.

అతన్ని జీపు ఎక్కించాక ఆమె తిరిగొచ్చి భార్య పక్కన కూర్చుంది. ఓదార్చడం ఆమెకు చేతకాదు.

"భయం తీరిందిగా. దయ్యం లేదు."

"అదే ఉంటే బావుండేది మేడమ్," అంది భార్య అద్దం వంక చూస్తూ. "అప్పుడు నా కోసమే వస్తున్నాడనుకునేదాన్ని."