గ్యారంటీ వెలిగించని కొవ్వొత్తి

గ్యారంటీ తన కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు.

తల వెనక లోతైన గాయం. నేల మీద కొవ్వొత్తుల మెషీన్ తాలూకు ఇనుప హ్యాండిల్. ఎవరో శుభ్రంగా తుడిచేశారు. బల్ల మీద కొస మాత్రమే కాలిన కొవ్వొత్తి. దాని చుట్టూ గుట్టగా కాలిన అగ్గిపుల్లలు.

పొద్దున్నే ఊడవడానికొచ్చిన మనిషి చూసి కేకపెట్టింది. ఎనిమిదింపావుకి లేడీ ఇన్‌స్పెక్టర్ ఆ ఆఫీసు మెట్లెక్కింది.

అతని అసలు పేరు ఎవరికీ పట్టలేదు. మాటకు ముందు గ్యారంటీ, మాటకు వెనక గ్యారంటీ. "మెషీన్ కొనండి. ఇంట్లో కూర్చుని కొవ్వొత్తులు చెయ్యండి. ప్రతి ఒక్కటీ మేమే కొంటాం, గ్యారంటీ!" అనేవాడు. జనం కొన్నారు. చేశారు. తీరా పట్టుకొస్తే, "క్వాలిటీ లేదండీ" అని తిప్పి పంపాడు. ఆ మెషీన్‌తో క్వాలిటీ రాదని అతనికి ముందే తెలుసు.

"చంపినవాడికి దండ వెయ్యాలి మేడమ్," అన్నాడు ఎస్సై గొంతు తగ్గించి. వాళ్ల వదిన కూడా ఓ మెషీన్ కొంది.

"ముందు వాణ్ణి పట్టుకుందాం."

నిన్న సాయంత్రం ఏడింటికి వీధంతా కరెంటు పోయింది. ఆ చీకట్లోనే హత్య. పక్క కొట్టువాళ్లకి అరుపులు వినబడలేదు.

ఇన్‌స్పెక్టర్ సొరుగు లాగింది. టార్చిలైటు. నొక్కితే కళ్లు చెదిరేలా వెలిగింది. అలమరలో శాంపిల్ కొవ్వొత్తుల వరస చూసింది. అన్నీ నిటారుగా, నున్నగా ఉన్నాయి. అడుగున బజారు స్టిక్కర్లు గీకేసిన మరకలు. బల్ల మీదది మాత్రం వంకర. వత్తి ఓ పక్కకి ఒరిగింది.

మధ్యాహ్నానికి ముగ్గుర్ని అదే గదిలోకి పిలిపించింది. రెండు మెషీన్లు కొని మునిగిన టైలరమ్మ. జీతం అందక పని మానేసిన మెకానిక్. ఇల్లిల్లూ తిరిగి మెషీన్లు అమ్మిన గ్యారంటీ బావమరిది.

"నిన్న ఏడింటికి ఎక్కడున్నావు?" మెకానిక్‌ని అడిగింది.

"ఇంట్లో పడుకున్నానండీ. సాక్ష్యం అంటే మా ఆవిడే."

"మీరమ్మా?"

"కుట్టు మిషను ముందు. వాడి చావు చూసే అదృష్టం నాకేదీ?" అంది టైలరమ్మ.

"నువ్వు?"

"ఇక్కడే మేడమ్," అన్నాడు బావమరిది. "కరెంటు పోగానే బావ కొవ్వొత్తి వెలిగించుకున్నాడు. నేను వెంటనే వెళ్లిపోయాను."

టైలరమ్మ తన మెషీన్ మీద చేసినవి చూపిద్దామని చేతిసంచిలో తెచ్చింది. ఇన్‌స్పెక్టర్ అందులోంచి ఒక కొవ్వొత్తి తీసి వెలిగించింది. నిమిషం తిరక్కుండానే ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరింది. బావమరిది మొహం తిప్పుకున్నాడు.

"మా నాన్న ఇనుప కొట్టు నడిపేవాడు. తన సరుకు తను వాడనివాణ్ణి నమ్మొద్దనేవాడు. మీ బావ శాంపిల్స్ కూడా బజార్లో కొన్నాడు. చేతికందే చోట టార్చి పెట్టుకున్నాడు. అలాంటివాడు ఈ చెత్త వెలిగించుకుంటాడా? బల్ల మీదది బయటినుంచి వచ్చింది. ఎవరో ఎదురుగా కూర్చుని, ఆరినప్పుడల్లా వెలిగించారు. మీ బావ పారిపోలేదు, అరవలేదు. మోసపోయినవాళ్లు వస్తే అలా కూర్చుంటాడా? వచ్చింది సొంతమనిషి."

బల్ల మీది గుట్టలోంచి ఒక పుల్ల తీసి చూపించింది.

"అగ్గిపుల్లలన్నీ చివరిదాకా కాలాయి. వెలిగించినవాడి వేళ్లు కాలకుండా ఉండవు. చేతులు చూపించండి."

టైలరమ్మ వేళ్లకి సూది పోట్లు. మెకానిక్ గోళ్లలో గ్రీజు. బావమరిది బొటనవేలికి ప్లాస్టరు.

"బ్లేడు తెగింది మేడమ్."

ఎస్సై ప్లాస్టరు లాగేశాడు. కింద తెల్లగా ఉబ్బిన బొబ్బ.

బావమరిది కాసేపు దాన్నే చూసుకున్నాడు. తర్వాత గొంతు లేచింది.

"మా స్కూలు మాస్టారు ఒకాయన నాకు లెక్కలు నేర్పారు. నా మొహం చూసి మూడు మెషీన్లు కొన్నారు, రిటైర్మెంటు డబ్బంతా పోసి. పోయిన నెల పురుగులమందు తాగి చనిపోయారు. ఆ కబురు చెబితే బావ ఏమన్నాడో తెలుసా? 'ఆ మూడు మెషీన్లూ వెనక్కి పట్రా, మళ్లీ అమ్ముదాం' అన్నాడు."

బల్ల మీది వంకర కొవ్వొత్తి వైపు వేలు చూపించాడు.

"మాస్టారి చేత్తో చేసిన కొవ్వొత్తి దాచుకున్నాను. కరెంటు పోగానే బావ ముందు పెట్టాను. 'నాలుగు గంటలు వెలుగుతుందన్నావుగా బావా, చూద్దాం' అన్నాను. వెలిగించాను, ఆరింది. వెలిగించాను, ఆరింది. నవ్వుతూ చూశాడు. చివరికి విసుగొచ్చి, 'నీకు అమ్మడం చేతకాదురా' అని కుర్చీ అటు తిప్పి ఫోన్ చూసుకున్నాడు. అప్పుడు కొట్టాను."

"ఇప్పుడు బాధగా ఉందా?"

"పిసరంత కూడా లేదు. మాస్టారి పగ తీరింది. మీ అందరి పగా తీర్చాను." ఆ మాట టైలరమ్మ వైపు చూస్తూ అన్నాడు. ఆమె ఒక్క మంచి మాట అంటే చాలన్నట్టుంది ఆ చూపు.

టైలరమ్మ సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"మీ బావ నా గడప ఎన్నడూ తొక్కలేదు నాయనా. అక్కా అని పిలిచి, మంచినీళ్లు అడిగి తాగి, నీడపట్టున కూర్చుని నాకు అమ్మింది నువ్వు. నేను పగబట్టింది ఇద్దరిమీద. ఒకడు పోయాడు."

ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. అప్పటిదాకా తలెత్తి నిలబడ్డవాడు, బేడీలు పడుతుంటే మొదటిసారి తల దించాడు.