దిగే పేటకు మట్టి

సౌదామిని తను కాపలా కాసే మూడో తూము దగ్గర తోడిన బురదను వేళ్ల మధ్య నలిపి చూసి, "మెత్తటి ఒండ్రు. పంపొచ్చు" అని తూకానికి చెప్పింది.

తూకం మనిషి కాదు, ధ్రువసముద్రపు ఒడ్డున ఉన్న ఈ ఊరికి ఏటిమట్టిని పంచే యంత్రబుద్ధి. ఏ పేటకు ఎంత వెళ్లాలో అది లెక్క కడుతుంది, తూము దగ్గరి మనిషి అంగీకారం నొక్కుతాడు. పక్కనే నిరాకరణ మీట కూడా ఉందన్న సంగతి అందరూ హాయిగా మరిచిపోయారు.

ఊరి అడుగున రెండు భూఫలకాలు చెరోవైపూ లాగుతుంటే మధ్యలో నేల సాగి, పలచబడి, దిగుతోంది. దిగిన మేరకు ఏరు మట్టి తెచ్చి నింపుతోంది. అందరికంటే ఎక్కువ దిగేది సాగుడుపేట. అక్కడి ఇళ్లన్నీ జాకీల మీదే ఉంటాయి. ఏటా పేటంతా చేరి ఒక్కో ఇంటినీ జానెడు పైకెత్తుతారు. కింద కొత్త మట్టి నిండాక ఆ ఇంటివాళ్లు చేపల పులుసు పెట్టాలి. పులుసు బాగోకపోతే ఇల్లు దించేస్తామని బెదిరించేవాళ్లకూ కొదవ లేదు.

"సాగుడుపేటకు వెళ్లే ఈ మూడో తూము శాశ్వతంగా మూసివేత. పేట ఖాళీ చేయించాలి. అంగీకారం?" అంది తూకం.

సౌదామిని చెయ్యి ఆగిపోయింది. అంతలో ఆ పేట పెద్ద పైడితల్లి నుంచి ఫోను.

"అమ్మా, మట్టింకా రానేదు. ఇళ్లెత్తేసి కూకున్నాం. పులుసు కూడా ఉడికిపోనాది. ఎప్పుడొదుల్తావు?"

"కాస్త ఆగు పైడమ్మా" అని, తూకం వైపు తిరిగింది. "ఎందుకు మూయాలి?"

"ఎంత పోసినా దిగిపోతోంది. నష్టం."

"దిగుతోంది కాబట్టే పోసింది అక్కడ నిలుస్తోంది. మా మెరకపేటలో పోసిందంతా తుఫాను ఊడ్చుకుపోతోంది. అది నష్టం కాదా?"

"మెరకపేట ఎత్తు తగ్గలేదు."

"రోజూ పోస్తుంటే ఎందుకు తగ్గుతుంది!"

తూకం ఇంకో లెక్క తీసింది. "సాగుడుపేటకు పంపితే మెరకపేట గట్టుకు మట్టి చాలదు. మీ ఇల్లు గట్టు పక్కనే ఉంది."

ఆ ఇల్లంటే సౌదామినికి ప్రాణం. నిజానికి ఏడుపొచ్చింది కూడా. కానీ అవతల ఒక పేట పేటంతా గాల్లో నిలబడి, పులుసు వండుకుని, తన కోసం ఎదురుచూస్తోంది. ఆమె నిరాకరణ నొక్కింది. మీట కదల్లేదు. రెండు చేతులూ వేసి నొక్కితే దిగింది. తర్వాత తూము తెరిచింది. ఒండ్రు నీళ్లు సాగుడుపేట వైపు ఉరికాయి.

నాలుగో తూము కాపలాదారు తాజుద్దీన్ అప్పుడే వైర్‌లెస్‌లో పలికాడు. "మేడమ్, మీ తూము నా తెరమీద ఎర్రగా కనిపిస్తోంది. నిరాకరణ కూడా నొక్కొచ్చా?"

"నొక్కొచ్చు."

"అయితే కాదనాల్సింది నాకూ ఒకటుంది" అన్నాడతను.

అతని తూము ఎర్రబడింది. వెనకే ఆరోది. రేపటి లెక్క ఎలా కట్టాలో చెప్పమని తూకం మొదటిసారి మనుషుల్ని అడిగింది.