కొంగ ఫోనులో నక్క

"గొడుగు తడిసింది," అన్నాడు కొంగ, పరాయి దేశపు లాడ్జి గదిలోని ల్యాండ్‌లైన్ రిసీవర్‌లోకి.

"లోపల ఆరెయ్యి," అంది అవతలి గొంతు. కోడ్ సరిపోయింది. "ఏమైంది మరిదీ?"

కొంగ అతని కోడ్‌నేమ్. అవతల ఉన్నది హెడ్‌క్వార్టర్స్‌లో భాషల ఆఫీసరు, స్వయానా అతని వదిన. డ్యూటీలో వరసలు కలపకూడదని రూలుంది. ఆమె దాన్ని ఎన్నడూ ఖాతరు చెయ్యలేదు.

ఒక వంతెనను పేల్చబోతున్న విదేశీ ముఠా నుంచి ఒక ఇంజనీరు తప్పించుకున్నాడు. ఏ వంతెనో ఆయనకొక్కడికే తెలుసు. దాక్కున్న చోటు కాసేపట్లో కొంగ ఫోనుకు మెసేజ్ పెడతాడు. మెసేజ్ రాగానే ఫోను దాన్ని డిఫాల్ట్ ట్రాన్స్‌లేషన్ ఆప్‌కు తనంతట తానే పంపుతుంది. చిలక బొమ్మ ఉన్నది మన శాఖ ఆప్. అది మెసేజ్‌ను హెడ్‌క్వార్టర్స్‌కు చేరవేసి, ఫోనులోంచి చెరిపేస్తుంది.

"వదినా, డిఫాల్ట్ చిలక కాదు. నక్క."

"నక్కా? అది ముఠా వాళ్ల ఆప్ కదయ్యా! ఎవరు పెట్టారు?"

"నేనే. పొద్దున ఏ ఆప్ వాడాలని ఫోను అడిగింది. మీరిచ్చిన దుబాసి, నక్కే ఫాస్టని చెప్పింది. కింద రెండు మాటలొచ్చాయి. రెండోది నొక్కమంది."

"మొదటిది 'ఈసారికి'. రెండోది 'ఎల్లప్పుడూ'. అదేంటో అడక్కుండానే నొక్కావా?"

నొక్కిన క్షణంలో కొంగ చూసింది మాటను కాదు, దాన్ని చూపిస్తున్న ఎర్రటి గోరును. దుబాసిగా శాఖ ఇచ్చిన ఆ అందగత్తె రెండు పడవల మీద కాళ్లు పెట్టిందని ఇప్పుడు తెలిసి ఏం లాభం?

"సెట్టింగ్స్‌లోకెళ్లి మార్చు."

"ఏది సెట్టింగ్సో ఎలా తెలుస్తుంది? ఫోనంతా ఇక్కడి భాషే!"

అతని మారువేషం మూగ వాచీ మెకానిక్. సోదా జరిగినా అనుమానం రాకుండా ఫోనును స్థానిక భాషలోనే పెట్టించారు. అక్షరమ్ముక్క రాదు. బొత్తంలో కెమెరా ఉంది, పెన్నులో కత్తి ఉంది, మడమలో తాళంచెవి ఉంది. వీటిలో ఒక్కటీ ఒక మాట చదివి పెట్టదు. నక్కను పీకెయ్యబోతే తెర ఎర్రబడి ఏదో అడిగింది. భయమేసి వదిలేశాడు.

"పళ్లచక్రం బొమ్మ నొక్కు," అంది వదిన. నొక్కాడు. లోపల బారెడు జాబితా. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదేదో నొక్కాడు. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఇంకోటి నొక్కాడు. ఫోను ఒక్కసారిగా గట్టిగా మాట్లాడసాగింది.

"వదినా, ఇది అరుస్తోంది! నొక్కితే పలకడం తప్ప ఏమీ తెరుచుకోవట్లేదు. నావల్ల కాదు. ఆ ఇంజనీరు నా మూలంగానే చచ్చిపోతాడు."

"ఆగు! అది చూపులేనివాళ్ల కోసం పెట్టింది. వేలు పెట్టినదాన్ని పైకి చదువుతుంది. నువ్వు తాకుతూ వెళ్లు, నేను వింటాను. కావలసింది వచ్చాక టకటకా రెండుసార్లు కొట్టు. తెర మీద ఎక్కడ కొట్టినా ఫరవాలేదు, ఆఖర్న చదివినదే తెరుచుకుంటుంది."

కొంగ రిసీవర్‌ను ఫోను పక్కన పెట్టి, ఒక్కో వరసా తాకాడు. ఫోను చదువుతోంది. "కాదు... కాదు... అదే! కొట్టు!" తెర మారింది. నక్క, చిలక పక్కపక్కనే ఉన్నాయి. టిక్కు నక్క మీద ఉంది. చిలకను తాకాడు. ఫోను దాని పేరు చదివింది.

తలుపు తెరుచుకుంది.

"చేతులు పైకెత్తు," అంది దుబాసి. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొట్టం చివర చిన్న తుపాకీ రంధ్రం. కొంగ చేతులెత్తాడు. ఇక చేసేదేమీ లేదు. వంతెన మీద వెళ్లే బస్సులు కళ్ల ముందు మెదిలాయి.

ఆమె ఫోను తీసుకుంది. "పాపం, ఇంతదాకా వచ్చావా? నక్క ఉన్నచోటే ఉంటుందిలే." నక్క బొమ్మ మీద ఎర్రటి గోరుతో కసిగా, టకటకా రెండుసార్లు కొట్టింది.

ఫోను ఏదో పలికింది. టిక్కు చిలక మీదికి దూకింది. మరుక్షణమే మెసేజ్ వచ్చింది, వచ్చినట్టే మాయమైంది.

దుబాసి మొహంలో నెత్తురు చుక్క లేదు. లిప్‌స్టిక్ దించి మంచం మీద కూలబడింది. "నేనే నొక్కానని తెలిస్తే వాళ్లు నన్ను బతకనివ్వరు. నిన్ను తీసుకెళ్లడానికొచ్చే వ్యానులో ఇంకొకరికి చోటుందా?"

"ముందా గొట్టం ఇలా ఇవ్వు," అన్నాడు కొంగ. ఇచ్చేసింది.

కాసేపటికి రిసీవర్‌లోంచి వదిన కేక వినిపించింది. "మరిదీ! ఇంజనీరు మనవాళ్ల చేతికొచ్చాడు. వంతెన దగ్గరికి మనుషులు వెళ్లిపోయారు. శభాష్! రిపోర్టులో రాయాలి, ఆఖర్న నువ్వేం చేశావు?"

కొంగ గొంతు సవరించుకున్నాడు.

"చేతులెత్తేశాను వదినా."